ఒక గుంట మినహా

లిఫ్ట్ కిందికి దిగుతూ ఉంది, మున్షీ సాబ్ చెప్పులు చేత్తో పట్టుకుని నా పక్కన నిలబడి ఉన్నారు, ఆయన పోయి నాలుగేళ్లైందని నాకు బాగానే గుర్తుంది, అయినా లిఫ్ట్‌లో తెలిసినవాళ్లు కనబడితే పలకరించడం మర్యాద కనుక "బాగున్నారా సాబ్?" అని అడుగుతాను, ఆయనా మర్యాదకే "షుకర్ హై" అని తల ఊపుతారు. మీటల మీద అంకెలన్నీ ఉర్దూలో ఉన్నాయి, ఏది నొక్కానో నాకు తెలియదు. ఎదురుగా అద్దంలో ఇద్దరం కనబడుతున్నాం, అద్దం మీద నా ఎడమ కనుబొమ్మకు కాస్త పైన ఏటవాలుగా సన్నటి గీత ఒకటి ఉంది, వెంట్రుకేమోనని తుడుస్తాను, పోదు.

"మిగిలిన కాగితాలు తెచ్చినవా బేటా?" అంటారాయన, నిన్న సాయంత్రం వదిలిన మాటను ఇవాళ అందుకున్నట్టు.

ఆయన అసలు పేరు సయ్యద్ జహంగీర్ అలీ. రెవెన్యూ ఆఫీసులో రికార్డుల గుమాస్తాగా రిటైరై, పాతబస్తీలో ఒక టైలర్ షాపు పక్క గదిలో కూర్చుని, నిజాం కాలం నాటి ఉర్దూ భూమి కాగితాలను తెలుగులోకి రాసి ఇచ్చేవారు. నేను వకీలును, అయితే నల్లకోటు వేసుకుని కోర్టులో వాదించే రకం కాదు. మాల్స్, ఆఫీసు టవర్లు కట్టేవాళ్ల కోసం ఆ భూమి పుట్టుపూర్వోత్తరాలు చదివి, హక్కు శుభ్రంగా ఉంది, నిశ్చింతగా కట్టుకోండి అని ఒపీనియన్ రాసి సంతకం పెట్టే రకం. ఆ సంతకం చూసి బ్యాంకులు కదులుతాయి, పునాదులు దిగుతాయి. ఇరవై రెండేళ్లుగా ఇదే పని, హైదరాబాదు పడమటి దిక్కున గాజు మేడ ఏది కనబడినా అది నీదేనా అని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. ఇంత చేసి ఉర్దూలో నాకు అక్షరం ముక్క రాదు, ఆ భాషకు నా కళ్లు మున్షీ సాబే.

"తెచ్చాను సాబ్," అంటాను. నిజంగానే నా చంకలో ఫైలు ఉంది, అది ఎప్పటినుంచి ఉందో తెలియదు.

లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే నా సంతకం మీద లేచిన ఆఫీసు మేడ, మొదటి టవర్, దాని మూడో బేస్‌మెంటు, కానీ కార్ల మధ్యలో రికార్డు ఆఫీసు ఇనుప బీరువాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి, వాటి నిండా ఎర్రగుడ్డ మూటలు, చీలమండ దాకా నీళ్లు, ఎక్కడో నీళ్లు తోడే మోటారు చప్పుడు, కాసేపు వింటే అది మోటారు కాదు, ఆయన గది పక్కన టైలర్ కుట్టు మిషన్. ఈ బేస్‌మెంటులో మోటార్లు రాత్రనక పగలనక నడుస్తూనే ఉంటాయని, ఎన్నిసార్లు గోడలకు మందు పూసినా నీళ్లు ఊరుతూనే ఉంటాయని బిల్డింగు మేనేజరు ఒకసారి నాతో అన్నాడు, అది నా పని కాదు కనుక నేను విని ఊరుకున్నాను. మున్షీ సాబ్ చెప్పులు చేతిలోనే ఉంచుకుని నీళ్లలో నడుస్తున్నారు. ఈయనకు నీళ్లున్న సంగతి ముందే తెలుసన్నమాట, నేను మాత్రం హీల్సుతో దిగాను.

"మోకాలు ఎట్లుంది సాబ్?"

"ఇప్పుడేం నొప్పి బేటా. నడిచేది ఏడుంది?" అని, నడుస్తూనే, నవ్వుతారు.

నాకూ నవ్వు రావాలి, రాదు. ఈయన కనబడగానే కాళ్ల మీద పడి ఏడుస్తానని అనుకునేదాన్ని, అదీ రావడం లేదు, పళ్ల డాక్టరు సూది ఇచ్చిన తర్వాత పెదవి ఉన్నట్టు లోపలంతా మొద్దుబారి ఉంది. అందుకని చెప్పవలసినవి లిస్టు చదివినట్టు చెబుతాను. మిమ్మల్ని మట్టి చేసిన రోజు మయ్యత్‌కు నేను రాలేదు సాబ్, ఆ రోజు ఒక బ్యాంకు వాళ్లతో లీజు సంతకాలు ఉన్నాయి, మర్నాడు రావచ్చనుకున్నాను, మర్నాడూ ఇంకేదో వచ్చింది.

"మంది మస్తుగ వచ్చిన్రట. నువ్వు రాలేదని నేను చూసిననా ఏంది?" అంటారు.

"మీరు మూడుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లు ఎత్తలేదు."

"మూడోసారి ఎత్తినవు గదా."

ఎత్తాను. ఆ మూడో ఫోనే ఇప్పుడు మా ఇద్దరి మధ్య నీళ్లలో నిలబడి ఉంది. మొదటి టవర్ భూమికి సంబంధించి క్లయింటు మనిషి పదకొండు కాగితాల ఉర్దూ జిరాక్స్ తెచ్చి ఇచ్చాడు, మామూలుగా అయితే మున్షీ సాబ్ జిరాక్స్ ముట్టుకోరు, తానే రికార్డు ఆఫీసుకు పోయి అసలు కాగితం చేత్తో తాకి చూస్తేగాని తెలుగులో ఒక్క ముక్క రాయరు, కానీ అప్పుడే మోకాలికి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నారు, నాకేమో తొందర, పదకొండింటిలో పనికొచ్చే మాట నాలుగో కాగితం మీదే ఉందని ఆ ఒక్కదాన్ని ఫోనులో ఫోటో తీసి పంపాను. పావుగంటలో తిరిగి రాసి పంపారు, 'సర్వే నంబరు మొత్తం పట్టా భూమి, మినహాయింపు: ఒక గుంట' అని.

గుంట అంటే మాకు కొలత, నూట ఇరవై ఒక్క గజాలు, ఎకరానికి నలభై. అంత పెద్ద స్థలంలో ఒక గుంట పోతే పోయింది, పాపం క్లయింటు వాళ్లు పెద్దమనసుతో వదిలేశారు, ఇంజనీర్లు కొలిచి మరీ ఒక మూల నూట ఇరవై ఒక్క గజాలు వదిలి గడ్డి పెంచారు, మిగతాది పద్దెనిమిది అంతస్తులు లేచింది. నేను సంతకం పెట్టిన వారానికి ఆయన మూడో ఫోన్ వచ్చింది. ఆ కాగితం మీద నాకు నిమ్మళం లేదు బేటా, మిగిలిన కాగితాలు పంపు, వీలైతే అసలు చూపియ్యి అన్నారు. ఒపీనియన్ వెళ్లిపోయింది సాబ్, మీరు మోకాలు చూసుకోండి అన్నాను. నెల తిరక్కుండా ఆయనే వెళ్లిపోయారు.

ఇప్పుడాయన తన గదిలో బల్ల ముందు కూర్చుని ఉన్నారు, బల్ల కాళ్లు నీళ్లలో ఉన్నాయి, నేను ఎప్పటిలాగే ఎదురు స్టూలు మీద కూర్చుంటాను. కళ్లజోడు తీసి కుర్తా అంచుతో తుడుచుకుంటారు, ఎడమ అద్దం మీద పైన ఏటవాలుగా సన్నటి గీత, ఎంత తుడిచినా అలాగే ఉంటుంది.

"చేతిల ఫైలు దేనిది?"

"రెండో టవర్ సాబ్, అదే సర్వే నంబరు. నాలుగింటికి సంతకం."

ఫైలు తీసుకుని నా ఒపీనియన్ మొదటి పేజీ పైకి చదువుతారు, ఆయనకు ఇంగ్లీషు రాదని నాకు తెలుసు, నేను ఇంగ్లీషులోనే రాశానని కూడా తెలుసు, అయినా ఆయన తెలుగులో చదువుతుంటే అది అట్లాగే రాసి ఉంటుంది. "'మాకు ఇచ్చిన నకళ్లు అసలు కాగితాలతో సరిపోతున్నాయని భావిస్తూ...' ఇది ప్రతిదాంట్ల రాస్తవా?"

"అందరు వకీళ్లూ రాస్తారు సాబ్. రేపు తేడా వస్తే తప్పు మా మీదికి రాకుండా."

"భావించుడెందుకమ్మా? పోయి చూడరాదు?"

ఇరవై రెండేళ్లలో ఈ ప్రశ్న నన్ను ఏ జడ్జీ అడగలేదు, ఏ బ్యాంకూ అడగలేదు. జవాబు కోసం ఫైలు వెనక్కి తీసుకుంటాను, అంతలో గది లేదు, మేమిద్దరం ఆ గడ్డి మీద నిలబడి ఉన్నాం, నూట ఇరవై ఒక్క గజాలు, చుట్టూ చిన్న కంచె, 'గడ్డిపై నడవరాదు' అని బోర్డు. టవర్లోంచి మెడల్లో కార్డులు వేసుకున్న పిల్లలు గుంపులుగా బయటికి వస్తున్నారు, వాళ్ల కాళ్ల కింద రాతి పలకల మీద నీళ్లు కదులుతున్నాయి, ఎవరూ కిందికి చూడరు, ఫోన్లే చూసుకుంటున్నారు.

"నేను గుంట అని రాసిన, నువ్వు గుంట ఇడిసిపెట్టినవ్," అంటారు మున్షీ సాబ్ గడ్డి మీద అరికాలు ఆనించి, ఆనించినచోట నీళ్లు ఊరతాయి. "మస్తు ఇమాందార్లం ఇద్దరం, ఒక్క గజం గూడ తప్పలే."

"అది గుంట కాకపోతే ఏం సాబ్?"

"నీకు తెల్వదా?"

తెలుసు. ఉర్దూలో 'క'కు రాసే అక్షరం మీద ఒక కర్ర ఉంటుందట, దాని పైన ఇంకో కర్ర గీస్తే 'గ' అవుతుందట, ఈ సంగతి ఆయనే ఒకసారి నా చేతిలో వేలితో రాసి చూపించారు. రెండో కర్ర లేకపోతే అది గుంట కాదు, కుంట. ఒక గుంట మినహా అంటే నూట ఇరవై ఒక్క గజాలు వదలాలి, ఒక కుంట మినహా అంటే అక్కడ చెరువు ఉంది, దాని కొలత ఎవరూ రాయలేదు, దాని మీద ఎవరూ కట్టకూడదు. అదే అయితే మొదటి టవర్ నీళ్ల మీద ఉంది, నా సంతకమూ నీళ్ల మీదే ఉంది, వకీలుకు పేరు తప్ప వేరే సరుకు ఉండదు కనుక ఆ తర్వాత నన్ను ఎవరూ ఒపీనియన్ అడగరు. అది బయటపడకుండా ఉండాలంటే నాలుగింటికి రెండోదాని మీద కూడా సంతకం పెడితే చాలు, ఆ పైన అంతా కాంక్రీటు. ఇవన్నీ అనుకుంటూ ఉంటే భయం వేయాలి, నాకు హీల్సు తడిసిపోతున్నాయన్న బెంగ తప్ప ఇంకేమీ లేదు.

"మీరే కదా గుంట అని రాశారు," అంటాను. ఈ మాట అనడానికే ఇన్నేళ్లు ఆయన్ను దాచిపెట్టుకున్నానని అప్పుడు అర్థమవుతుంది.

"రాసిన. నువ్వు పంపిన కాగితం మీద రెండు కర్రలు ఉన్నయి, రెండు రాసిన. తప్పు నాదే, కాదన్ననా?" అని నాలుగో కాగితం నా ముందు పట్టుకుంటారు. "నువ్వే చదువు."

"నాకు రాదు సాబ్. నాకు అన్నీ గీతల్లాగే కనబడతాయి."

"గీతలు లెక్కపెట్టనీకి ఉర్దూ ఎందుకు?"

బొటనవేలు తడిపి ఆ అక్షరం మీద రుద్దుతారు, పై కర్ర ఊడి ఆయన వేలికి అంటుకుంటుంది, సన్నగా, ఏటవాలుగా, అద్దం మీదిదీ అదే, కళ్లజోడు మీదిదీ అదే. ఆయన దాన్ని ఏం చేయాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి బోర్డు మీద అంటిస్తారు, మళ్లీ తీసి నా నుదుటి మీద ఎడమ కనుబొమ్మకు కాస్త పైన అంటిస్తారు, చల్లగా ఉంటుంది.

"రాత అయితే ఒక్క జాగలనే ఉంటది బేటా. ఇది అంతట ఉన్నది. ఒక్క కాగితమే పంపితివి, నేనెట్ల పట్టాలె?"

"మాఫ్ చేయండి సాబ్," అంటాను. అందులో నా గొంతు తప్ప ఏమీ లేదు, ఆయనకూ తెలుసు, అయినా పుచ్చుకున్నట్టే తల ఊపుతారు. చెప్పులు గడ్డి మీద పెట్టి తొడుక్కోబోతారు, నీళ్లు ఆయన మోకాళ్ల దాకా వచ్చాయి, ఆ మోకాలికి తడి తగలకూడదని డాక్టరు చెప్పాడు కదా అని నేను చెయ్యి చాస్తాను, నా చేతిలో ఫైలు ఉంది, చెయ్యి అందదు.

"మేడమ్."

కళ్లు తెరిచాను. మధ్యాహ్నం భోజనం తర్వాత నా బల్ల మీదే తల వాల్చి నిద్రపోయాను. తలుపు దగ్గర నా జూనియర్ ప్రణవి నిలబడి ఉంది. "నాలుగు కావస్తోంది మేడమ్. రెండో టవర్ వాళ్లు కాన్ఫరెన్స్ రూములో కూర్చున్నారు."

"వస్తున్నా," అన్నాను.

నా నుదుటి కింద ఆ పదకొండు కాగితాల కట్ట ఉంది, పైన నాలుగోది. నాలుగేళ్లకు పైగా ఈ కట్టను చూస్తూనే ఉన్నాను, ఎప్పుడూ నాలుగోదాన్ని తప్ప చూడలేదు. ఆ మాటను పెన్సిలుతో గుండ్రంగా చుట్టి పెట్టింది నేనే. అక్షరం మీద రెండు కర్రలు, పైది కొంచెం సన్నగా, కొంచెం నలుపు తక్కువగా ఉంది. కింద ఐదో కాగితం తీశాను. అదే ఎత్తులో, ఎడమ పక్కన, రెండు వరసల మధ్య ఖాళీలో సన్నటి ఏటవాలు గీత ఉంది. ఆరో కాగితంలో అది ఒక అంకెను కోసుకుంటూ పోయింది. ఏడులో ఉంది, ఎనిమిదిలో ఉంది. జిరాక్స్ మిషన్ అద్దం మీద ఎక్కడో గీసుకుపోయి ఉంటుంది. కాగితాలన్నీ వరసగా సర్దుకుని లేచి నిలబడ్డాను.

"సైన్ చేసేశారా మేడమ్?" అంది ప్రణవి.

"లేదు. అసలు చూడాలి."

"అసలు ఏం చూడాలి మేడమ్?"

పదకొండో కాగితం తీసి ఆమెకు ఇచ్చాను. అది రికార్డు చివరి పేజీ వెనకవైపు, ఏమీ రాసి లేనిది, ఎవరో అలవాటుగా దాన్ని కూడా జిరాక్స్ తీశారు. ప్రణవి అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"ఇది ఖాళీ కదా మేడమ్," అంది, వేలితో ఎడమ పక్కన పైన ఉన్న గీతను వెంట్రుక అనుకుని తుడుస్తూ.