వీధి చివరిదాకా చూసే లెన్సు

ఊళ్ళో ఏ మేడలో లిఫ్టు మొరాయించినా పిలుపు ఆయనకే వెళ్ళేది. అలా పిలిచీ పిలిచీ అసలు పేరు అటకెక్కింది, అందరికీ లిఫ్టాయనే అయిపోయాడు. ఆయన కాపురం మాత్రం లిఫ్టు లేని ఇంట్లో, మూడో అంతస్తులో. "ఊరందరినీ కూర్చోబెట్టి పైకెత్తే మహానుభావుడు, పెళ్ళాన్ని మాత్రం మెట్లెక్కిస్తాడు," అని భార్య దెప్పని రోజు లేదు. ఆయన నవ్వేవాడే కానీ ఎదురు చెప్పిన పాపాన పోలేదు.

ఆ దెప్పే మనిషి ఇప్పుడు మెట్లు దిగడం మానేసింది. జబ్బు ఎముకల్లోకి దిగింది. మంచం కిటికీ పక్కకి లాగించుకుంది, ప్రపంచమంతా ఆ కిటికీలోనే సర్దుకుంది.

ఆవిడ వీధివాళ్ళందరికీ ఫోటో అక్క. ఆ వీధిలోనే అగ్గిపెట్టెంత స్టూడియో నడిపింది. పాస్‌పోర్టు ఫోటోలు, ఉద్యోగాలకి పెట్టే ఫోటోలు, అవే ఆవిడ బతుకుతెరువు. గడ్డం దించండి, చెవులు కనపడనివ్వండి, పళ్ళు బయటపెట్టకండి అంటూ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నవాళ్ళ మొహాలు చూసీ చూసీ కళ్ళు ఎంత పదునెక్కాయంటే, విదేశం వెళ్ళేవాడికి నిజంగా వెళ్ళాలనుందో ఇంట్లోవాళ్ళు తోస్తున్నారో క్లిక్కుమనే లోపలే చెప్పేసేది. అలాంటి మనిషి దగ్గర ఒక అబద్ధాన్ని దాచాలని ఆయన బయలుదేరాడు. ఆయన ధైర్యానికి దణ్ణం పెట్టాలి.

అబద్ధం ఎలా పుట్టిందంటే, ఆసుపత్రిలో డాక్టరు ఆవిణ్ణి లోపలే కూర్చోబెట్టి, ఆయన్ని వరండాలోకి పిలిచాడు. రోగికి చెప్పాల్సింది రోగికి తప్ప అందరికీ చెప్పడం పెద్ద డాక్టర్ల అలవాటు కదా. ఇకనుంచి ఇచ్చే మందులు నొప్పికే కానీ జబ్బుకి కాదనీ, ఏడాది తిరగదనీ, మెల్లగా చెప్పాడు. లిఫ్టాయన లోపలికి వచ్చి, "మందు బాగా పట్టిందట. నెమ్మది మీద లేచి తిరుగుతావట," అన్నాడు. ఆవిడ సరేనంది. ఆ క్షణం నుంచీ ఆయన నిప్పుని ఒళ్ళో కట్టుకుని తిరుగుతున్నాడు. ఆవిడకి తెలియకూడదు, అంతే. తెలిస్తే ఆ ఉన్న కాస్త కాలమూ భయంతో గడుపుతుందని ఆయన బెంగ.

ఇంతలో ఒక రోజు ఆవిడ కిటికీలోంచి దూరంగా సెల్ టవరు చూపించింది.

"అదుగో, ఆ పైన ఇనప కమ్మీల మధ్య గూడుంది చూశారా?"

"కాకిదేమో."

"కాకికంత గూడెందుకండీ. గద్దది. పిల్లలున్నట్టున్నాయి. నా కెమెరాలో నలక పడ్డట్టు కనిపిస్తోంది తప్ప ఇంకేం తెలీడం లేదు. దూరాన్ని లాగే లెన్సొకటి ఉంటే..." అని ఆగి, "పోనీలెండి, ఇప్పుడెందుకు ఖర్చు," అంది.

జన్మలో ఫలానాది కావాలని అడగని మనిషి అడిగింది. ఆ చివరి మాట ఆయన చెవికెక్కితే కదా. మర్నాడే బయలుదేరాడు.

బయలుదేరేముందు ఆవిడ పాఠం చెప్పింది. కొత్తది వద్దు, వాడినదే చూడమంది. గాజు మీద బూజు మరకలున్నాయేమో వెలుతురుకి ఎత్తి చూడమంది. లెన్సు మీద రెండొందలని రాసి ఉంటే చాలు, గూడు అందుతుందంది. "అన్నిటికంటే ముఖ్యం, చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు ఉండాలి. నా చేతుల సంగతి మీకు తెలుసుగా," అంది.

పాత కెమెరాలమ్మే కొట్టతను ఫోటో అక్కకి వరసకి తమ్ముడేమీ కాదు. ఒకే వృత్తిలో ఉండి అక్కా అని పిలవడం మొదలెట్టాడు, దాంతో లిఫ్టాయన బావయ్యాడు.

"రా బావా. లిఫ్టులు వదిలేసి ఫోటోల్లో పడ్డావా? మా నోట్లో మట్టి కొడతావా ఏంటి?"

"ముందు సరుకు చూపించు. ఎకసెక్కాలు తర్వాత."

అతను మూడు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి తెల్లగా, చేంతాడు కట్టిన బొక్కెనంత ఉంది. దాని ధర విని లిఫ్టాయన చెయ్యి కూడా వెయ్యలేదు. రెండోది అక్క చెప్పినదే. రెండొందలు, తేలిక, వణుకుని ఆపుతుంది. మూడోది పాతకాలంది, మూడొందల దాకా లాగుతుంది, ధర ఇంచుమించు రెండోదానంతే.

"ఇదే తీసుకో బావా," అని కొట్టతను రెండోది ముందుకి తోశాడు. "అక్క చెప్పిందంటే తిరుగులేదు. ఆ మూడొందలది ఎండుంటేనే పనిచేస్తుంది, మబ్బేస్తే చీకటే. వణుకుకి మందు లేదు. పైగా బరువు."

లిఫ్టాయన విన్నాడు. విని, రెండూ ఒకదాని తర్వాత ఒకటి కెమెరాకి తగిలించమని, గుమ్మంలో నిలబడి వీధి అవతలికి చూశాడు. రెండొందలదాంట్లో ఎదురు మేడ మీద 'ఇల్లు అద్దెకు' అన్న బోర్డు కనిపించింది. మూడొందలదాంట్లో ఆ బోర్డు కింద ఫోను నంబరు, దాని మీద వాలిన ఈగ కూడా కనిపించాయి. ఆ ఈగని చూసేసరికి మనిషికి మతి పోయింది. ఆవిడకి గూడు కనిపిస్తే చాలదు, పిల్లల నోట్లోకి తల్లి ముక్కు వెళ్ళడం కనిపించాలి. ఉన్న నాలుగు రోజులూ ఇంతకంటే దగ్గరగా చూడలేకపోయానే అనుకోకూడదు.

"ఇదే ఇచ్చెయ్."

"గుడ్డికన్నా మెల్ల నయం అంటారు కానీ, నువ్వు మెల్లని వదిలి గుడ్డిని పట్టుకుంటున్నావు బావా. అక్క చేతులు వణుకుతాయి. ఫోటో అలుక్కుపోతుంది."

"వణక్కుండా నేను చూసుకుంటా. రెండు టన్నుల పెట్టెని పైకీ కిందికీ కుదుపు లేకుండా నడిపిస్తున్నాను, జానెడు గొట్టాన్ని ఆపలేనా."

కొట్టతను అక్క కోసమని కాస్త తగ్గించాడు. అయినా ఆ నెలకి చేతిలో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది.

లెన్సు చూడగానే ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. "నేను చెప్పిందేంటి, మీరు తెచ్చిందేంటి?" అని గదిమింది. కానీ చేతిలోంచి వదల్లేదు. ఆదివారమంతా ఆయన కిటికీ దగ్గరే కూర్చుని ఒక చట్రం తయారుచేశాడు. పాత లిఫ్టు తలుపు బేరింగు ఒకటి, రెండు ఇనప పట్టీలు, వెనకవైపు బరువు సరితూగడానికి ఒక సీసం ముక్క. కెమెరా దాని మీద కూర్చుంటే ఇటు మూల నుంచి అటు మూల దాకా వేలితో తోస్తే చాలు, వెన్నలా తిరిగేది. ఎక్కడ వదిలితే అక్కడే నిలబడేది. మీట నొక్కడానికి వైరు కూడా తగిలించాడు, ఆవిడ చెయ్యి కెమెరాని తాకనక్కర్లేకుండా. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "నా మొగుడు ఉత్త మెట్ల మొగుడు కాదు," అంది. ఆ పొగడ్తకి ఆయన వారం రోజులు గాల్లో తేలాడు.

గద్ద పిల్లలు రెండు. ఆయన పని నుంచి రాగానే కెమెరా వెనక బుల్లి తెర మీద ఆ రోజు గద్దల విశేషాలు తనే ఏరి ఏరి చూపించేది. పెద్దది చిన్నదాని తిండి లాక్కుంటోందని తిట్టేది. తల్లి ఆలస్యంగా వస్తే, "ఎక్కడ తిరుగుతోందో మహాతల్లి," అని కోప్పడేది. చక్కగా తిని, మందు వేసుకుని, "నేను లేచాక స్టూడియోకి రంగు వేయించాలండీ. గోడ నీలం చేయిద్దాం," అనేది. అలాగేనని ఆయన తలూపేవాడు. అబ్బ, ఏమీ తెలియదు పిచ్చిదానికి, అదే చాలు అనుకునేవాడు.

ఇక ఆయన ఏడుపు సంగతి. ఇంట్లో ఏడవకూడదు, పనిలో ఏడిస్తే తీగలు తప్పు కలుస్తాయి. అందుకని పొద్దున్నే బయలుదేరి, వీధి చివర మూతపడ్డ టైర్ల కొట్టు ముందు ఒక బెంచీ ఉంటే, దాని మీద కూర్చుని కాసేపు ఏడ్చి, మొహం తుడుచుకుని బస్సెక్కేవాడు. తన కిటికీ అక్కణ్ణించి గోళీకాయంత కనిపించేది. కిటికీలోంచి చూస్తే తనూ అంతే కనిపిస్తాడని లెక్క. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడ్డం లేదనుకుంటుందట. లెన్సు కొన్నది తనే, బేరింగు వేసింది తనే, అది వీధి చివరిదాకా తిరిగేలా నూనె రాసింది తనే. అయినా ఆ ఆలోచనే తట్టలేదు. తన ప్రేమంతా టవరు వైపే తిప్పి పెట్టాడు మరి.

పిల్లలకి రెక్కలొచ్చాయి. ఒక సాయంత్రం ఆవిడ కెమెరాలోంచి కార్డు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"చిన్నది ఇవాళ ఎగిరింది. రెక్కలు రెండూ విప్పిన ఫోటో ఒకటుంది, తమ్ముడితో పెద్దదిగా అచ్చు వేయించుకు రండి. అన్నీ చూసి మీరే ఏరండి," అంది. ఆ చివరి మాట ఇంకోసారి చెప్పింది.

కొట్టతను కార్డు కంప్యూటరులో పెట్టాడు. గూడు, తల్లి, పిల్లలు. ఇద్దరూ మురిసిపోతూ చూస్తున్నారు. తర్వాత ఫోటోలో గూడు లేదు. బెంచీ ఉంది. బెంచీ మీద ఒక మనిషి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, మొహం చేతుల్లో దాచుకుని. తర్వాతది వేరే చొక్కా, అదే మనిషి. దాని తర్వాత మళ్ళీ గద్ద. మళ్ళీ ఆ మనిషే, ఈసారి మొహం ఎత్తి ఉన్నాడు, నోరు వంకర తిరిగి చిన్నపిల్లాడిలా ఉన్నాడు. వాన పడ్డ రోజుది మసకగా ఉంది. అయినా గొడుగు తెరవకుండా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడని తెలుస్తూనే ఉంది. ప్రతి రోజుదీ ఉంది. ఒక్క పొద్దు కూడా వదల్లేదు ఆవిడ.

"టీ చెప్పొస్తా బావా," అని కొట్టతను తల తిప్పుకుని బయటికి వెళ్ళిపోయాడు.

లిఫ్టాయన వెనక్కి తిప్పి బెంచీ ఫోటోలన్నీ మళ్ళీ చూశాడు. ఆవిడకి తెలిసిపోయిందన్న భయం కాదు ఆయన్ని పట్టుకున్నది. మరి రోజూ సాయంత్రం ఆ కబుర్లు? ఆ నీలం గోడ? అన్నీ తెలిసే చెప్పిందా? తన కోసం? ఫోటో ఏరలేదు, అచ్చు వేయించలేదు. కార్డు జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు. మూడంతస్తులు ఎక్కడానికి ఎన్నడూ లేనంతసేపు పట్టింది.

ఆవిడ గుమ్మం వైపే చూస్తోంది.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడాయన.

"లెన్సు బిగించిన మర్నాటి నుంచి. మీరు బస్సెక్కేది చూద్దామని ఇటు తిప్పాను. బెంచీ మీద కనిపించారు. డాక్టరు చెప్పనిది మీ మొహం చెప్పేసింది. రెండొందలది తెచ్చుంటే పోలిక కూడా తెలిసేది కాదు."

"మరి ఒక్క మాట అడగలేదేం?"

"అడిగితే అక్కడ కూడా ఏడవడం మానేస్తారని. అంతా లోపలే దాచుకుని చచ్చిపోతారని. నోటితో చెప్పలేకపోయానండీ. అందుకే కార్డు పంపాను."

"నువ్వు భయపడతావని దాచాను. నువ్వు సుఖంగా ఉండాలని."

"తెలుసు. అందుకే నేనూ సుఖంగా ఉన్నట్టే ఉన్నాను. మీరొచ్చే వేళకి మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, గద్దల కబుర్లు సిద్ధం చేసుకుని." ఆవిడ దుప్పటి అంచు పట్టుకుని నలుపుతోంది. మాట చాలా మెల్లగా వచ్చింది. "మీకు ఆ బెంచీ ఉంది. రోజూ వెళ్ళి కూర్చుని ఏడ్చి వస్తారు. నేను మెట్లు దిగలేను. పక్కగదిలోకి కూడా పోలేను, పగలంతా కింది అంతస్తు ఆవిడ కనిపెట్టుకుని ఉంటుంది. నేనెక్కడికి వెళ్ళి ఏడవాలండీ?"

ఇన్నాళ్ళూ ఆవిణ్ణి కాపాడుతున్నాననుకుని, ఆవిడ ఏడవడానికి జానెడు చోటు కూడా మిగల్చలేదని ఆయనకి అప్పుడు తెలిసింది. మంచం ఎక్కి, గోడకి ఆనుకుని, ఆవిణ్ణి తన మీదికి లాక్కున్నాడు. ముందు ఆయనే మొదలెట్టాడు. తర్వాత ఆవిడ గుండె లోతుల్లోంచి, ఎప్పటెప్పటిదో అంతా, పెద్దగా ఏడ్చింది. కింది అంతస్తు ఆవిడ కంగారుపడి పైకొచ్చి, తలుపు దగ్గరే ఆగి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి దిగిపోయింది.

మర్నాడు పొద్దున ఆయన బెంచీ దగ్గరికి పోకుండా ఆవిడ పక్కనే కూర్చుని, పనికి ఆలస్యంగా వెళ్ళాడు. ఆ తర్వాత ఆవిడ ఉన్నన్నాళ్ళూ రోజూ ఆలస్యంగానే వెళ్ళాడు.