అచ్చాయమ్మ నేర్పని మాట

రెండువేల ఐదు దాకా రాజోల్లో కువైట్ వెళ్లే ఆడవాళ్లకి అరబ్బీ నేర్పింది నేనేనండీ, అచ్చాయమ్మని. బోర్డూ లేదు, పుస్తకమూ లేదు. పద్నాలుగేళ్లు అక్కడ ఒకే ఇంట్లో వంటచేసి వచ్చేను, అదే నా చదువు. నా వంటింట్లో నేను మేడాన్ని, నేర్చుకోవడానికి వచ్చినావిడ పనిమనిషి. నీళ్లు తే, గిన్నెలు కడుగు, పిల్లాణ్ణి ఎత్తుకో అని అరబ్బీలో కేకలేసేదాన్ని. ఆవిడ "ఐవా మేడం" అని చేసుకుపోవాలి. ఐవా అంటే అవునని, మన ఆయ్ అన్నమాట. తప్పుచేస్తే తిట్లు కూడా అరబ్బీలోనే. పదిహేను రోజుల్లో నోరు తిరిగేది.

ఎందుకు నేర్పేనంటే, నిజం చెబుతాను. నాకెవరూ లేరండీ. పెళ్లయిన ఏడాదికే మొగుడు పోయేడు, పిల్లల్లేరు. ఆ పదిహేను రోజులూ ఇంట్లో ఇంకో మనిషి గొంతు వినబడేది. ఎవరూ రాని రోజుల్లో రేడియో పెట్టుకుని దానితో వాదించేదాన్ని.

అలా ఉండగా, ఆడవాళ్లని కువైట్ పంపించే ఏజెంటు నాగబాబు బస్టాండు దగ్గర తన ఆఫీసులోకి కంప్యూటరు తెచ్చేడు. చెవులకి హెడ్‌ఫోన్లు, నోటి ముందు మైకు. తెరమీద బొమ్మ అరబ్బీలో అడుగుతుంది, మనం జవాబు చెప్పాలి. సరిగ్గా చెబితే పచ్చరంగు, లేకపోతే ఎరుపు. ఎన్నిసార్లు తప్పు చెప్పినా విసుక్కోదట. నన్ను దెప్పుతున్నట్టే అనిపించింది. వచ్చేవాళ్లంతా అటే వెళ్లిపోయేరు. "ఇక మీరు విశ్రాంతి తీసుకోండి అక్కగారూ" అన్నాడు నాగబాబు, ఎంతో మర్యాదగా. నాకు ఒళ్లు మండిపోయింది.

తులసి ఒక్కతే నన్ను వదల్లేదు. మా వీధి చివర ఉంటుంది, నాలుగేళ్ల కూతురుంది. పొద్దున్న మిషను దగ్గర, సాయంత్రం నా దగ్గర.

ఓ సాయంత్రం నేను మేడాన్నై, "మెట్లు కడుగు, తర్వాత తివాచీలు దులుపు" అని గదిమేను. తులసి చీపురు కింద పెట్టేసింది. "లా మేడం. నాకు జ్వరంగా ఉంది. ఇవాళ చెయ్యలేను" అంది అరబ్బీలో. లా అంటే కాదని.

"ఎవరు నేర్పేరే నీకీ పొగరు?"

"మిషనండీ, పిన్నిగారూ. పదో పాఠమండీ. చేతకాకపోతే కాదని ఎలా చెప్పాలో, ఇంటికి పంపమని ఎలా అడగాలో, అన్నీ ఉన్నాయి."

"మేడంతో అలా అంటే తంతుంది."

"అనకపోతే తన్నదాండీ?" అంది మెల్లగా.

తను వెళ్లేక ఆ చీపురు తీసి మూలకి పెట్టేను. మనవైపు పెద్దవాళ్లు ఏం చెప్పినా ముందు ఆయ్ అనాలి, కుదరకపోతే ఆ తర్వాత చూసుకోవచ్చు. అదీ మన మర్యాద. ఆ మర్యాదే నలభైమందికి అరబ్బీలో నేర్పి పంపించేను. వాళ్లలో దుర్గమ్మ అంతకుముందు ఏడాదే తిరిగొచ్చింది. రెండు నెలలు జ్వరంతోనే పనిచేసిందట, ఇద్దరు పట్టుకుంటే బస్సు దిగింది. "నువ్వు నేర్పినవన్నీ పనికొచ్చేయక్కా" అంది నాతో. అప్పుడు సంతోషించేను కూడా, నా బుద్ధి మండ.

మర్నాడు నాగబాబు ఆఫీసుకెళ్లి, ఆ పదో పాఠం పెట్టించుకుని మిషను ముందు కూర్చున్నాను. "నీకు ఒంట్లో బాగాలేదు. మేడం ఇంకో పని చెప్పింది. ఏమంటావు?" అని అడిగింది బొమ్మ. ఐవా అన్నాను. ఎరుపు. మళ్లీ అడిగింది, మళ్లీ ఐవా. మూడోసారీ అదే వచ్చింది నోట్లోంచి. భాష రాకపోవడం కాదండీ. పద్నాలుగేళ్లలో కాదు అనే మాట నేను ఒక్కసారి కూడా అనలేదు. హెడ్‌ఫోన్లు తీసేసి కళ్లు తుడుచుకుని వచ్చేసేను.

తులసి ప్రయాణం ఇంకా ఆరు రోజులుంది. ఆ ఆరు రోజులూ తనచేత లా అనిపించడమే నా పని. మిషను మాటైతే నేర్పగలదు గాని, ఉరిమి చూడలేదు కదా. నేను చూసేను. చెయ్యెత్తి మీదికెళ్లేను. "తల దించకు. నవ్వకు. నా కళ్లలోకి చూసి చెప్పు" అని మళ్లీ మళ్లీ అనిపించేను. మొదట్లో ఏడ్చేసింది. అయిదోరోజుకి గొంతు వణకడం ఆగింది.

ఆఖరి సాయంత్రం పనసపొట్టు కూర వండేను. మర్నాడు పొద్దున్నే తన బస్సు. పాఠం అయ్యేక తులసి ఇంటికి బయల్దేరబోయింది. ఇక నా గుమ్మం తొక్కేవాళ్లు ఎవరూ లేరని నాకు తెలుసు. తెలుగులో అడగడానికి మొహం చెల్లలేదు, అరబ్బీలో అన్నాను.

"ఇవాళ ఇక్కడే ఉండిపో. నాతో తిను. ఒక్కదాన్నే ఉన్నాను."

తులసి గుమ్మంలో ఆగింది. తల దించలేదు, నవ్వలేదు. తిన్నగా నా కళ్లలోకి చూసి, "లా మేడం. నేను ఇంటికెళ్లాలి" అంది. ఎక్కడా తడబడలేదు.

తర్వాత మామూలుగా నవ్వి, "బాగా చెప్పేనాండీ పిన్నిగారూ?" అని అడిగింది.

అది పాఠం కాదమ్మా, నిజంగానే అడిగేనని చెప్పబోయి ఆగిపోయేను.

"బాగా చెప్పేవు. అక్కడా అలాగే చెప్పు. వెళ్లు, పాప చూస్తూ ఉంటుంది" అన్నాను.

ఇద్దరికని వండిన కూర మర్నాడు కూడా నేనే తిన్నాను.