ఎండకు ఆరబెట్టిన చిప్

రాత్రి షిఫ్టు నుంచి వచ్చి పడుకున్న కోడలు మధ్యాహ్నం లేచి చూస్తే బల్ల మీద చిప్ లేదు.

"అత్తయ్యా, ఇక్కడ నల్లటి ముక్క ఉండాలి, జెర్రిలా రెండు వైపులా కాళ్ళతో..."

"అదా? మీద జిడ్డు కాగితం అంటుకుని ఉంటే గోకేసి, తుడిచి, కిటికీ గట్టు మీద ఆరబెట్టా. పొద్దున్నుంచీ మంచి ఎండలే."

కోడలు కిటికీ దగ్గరికి పరుగెత్తి చిప్‌ను తీసి గుప్పిట్లో మూసింది. ఆ చిప్ నడుమ చిన్న అద్దం ఉంటుంది. అందులోంచి వెలుతురు పడితే లోపల రాసినది కొద్దికొద్దిగా చెరిగిపోతుంది. పడకుండా కాపాడేది ఆ జిడ్డు కాగితమే. బిస్కెట్ ఫ్యాక్టరీలో పెద్ద పొయ్యిని నడిపే ప్రోగ్రాం మొత్తం అందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు. ఈ మధ్య పొయ్యి ఉన్నట్టుండి తడబడుతోంది. "పొయ్యిని తుక్కుకు వెయ్యకండి, రేపు పొద్దున్నకల్లా కొత్త చిప్‌లోకి ఎక్కించి తెస్తా" అని ఫోర్‌మన్‌కి మాటిచ్చి మరీ పీకి తెచ్చింది. పొయ్యి పోతే దాని వెనకే ప్యాకింగ్‌లో పద్దెనిమిది మంది ఆడవాళ్ళ పనీ పోతుంది.

మామగారు వెనకగదిలో అప్పటికే మిషన్ వేసి ఉంచారు. ఆయన కంపెనీ మూతపడ్డ రోజున తెచ్చుకున్న పాతకాలం డెవలప్‌మెంట్ సిస్టమ్ అది, చిప్‌లో ఉన్నది చదువుతుంది, కొత్తది రాస్తుంది. బీరువాలో సగమంత ఉంటుంది, దాని ఫ్లాపీలు అన్నం పళ్ళేలంత ఉంటాయి. నెల రోజులుగా కోడలు ఆయన దగ్గర కూర్చుని దాని భాష నేర్చుకుంటోంది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట," అన్నారాయన భార్యకేసి చూసి.

"నాకేం తెలుసండీ! మీరిద్దరూ ఆ గదిలో ఏం చేస్తారో ఒక్కనాడైనా చెప్పారా?"



కోడలు చిప్‌ను సాకెట్లో పెట్టి, చదవమని కమాండ్ కొట్టింది. ఫ్లాపీ గరగరలాడింది. ఆకుపచ్చ తెర నిండా ఎఫ్‌లు, వరసకు వరస ఎఫ్‌లే. ఖాళీ చిప్ అలాగే కనబడుతుంది.

"అయిపోయింది మామయ్యా." చిప్ తీసెయ్యబోయింది.

"ఏడవకముందు ఆ పిడి చూడు."

సాకెట్ పిడి కిందికి నొక్కనేలేదు. పిడి నొక్కితే కానీ సాకెట్ చిప్ కాళ్ళను పట్టుకోదు. నొక్కి మళ్ళీ చదివింది. ఈసారి అంకెలు వచ్చాయి. వరసగా మూడుసార్లు చదివి సరిపోల్చింది. అన్నీ కలిశాయి, ఒక్కచోట తప్ప. అక్కడ ఒకసారి 72, ఇంకోసారి 73, మళ్ళీ 72.

"ఏది రాయను?"

"పొయ్యి నీది, మాటిచ్చింది నువ్వు. నన్నడుగుతావేం?" అన్నారు కానీ ఆయన వేళ్ళు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకునే ఉన్నాయి.

కోడలు తన నోటుబుక్కు తిప్పింది. చిప్ లోపల అంకెలన్నీ సున్నాలూ ఒకట్లుగానే ఉంటాయి; 72కీ 73కీ తేడా చివరి గడి ఒక్కటే, 72లో అక్కడ సున్నా, 73లో ఒకటి. వెలుతురు ఏం చేస్తుంది? సున్నాను ఒకటి చేస్తుంది. ఒకటిని సున్నా చెయ్యలేదు. చెరిగిపోతున్న చిప్‌లో అటూ ఇటూ ఊగుతున్న చోట మొదట రాసినది సున్నానే అయి ఉండాలి.

"డెబ్భై రెండు," అంది.

ఆ ఒక్క చోటా 72 దిద్ది, కొత్త చిప్‌లోకి రాయడానికి మీట నొక్కింది. రెండు నిమిషాలు పట్టింది. రాసింది చదివి పోల్చుకుంటే తేడా రాలేదు. కానీ ఆ 72 తప్పో ఒప్పో దాంతో తేలదు. తప్పయితే మిషన్ చెప్పదు, పొయ్యి చెబుతుంది.

మర్నాడు పొద్దున కొత్త చిప్ పెట్టాక ఫోర్‌మన్ పొయ్యి స్విచ్ వేశాడు. వేడి చూపే ముల్లు పైకి పాకింది. ప్యాకింగ్ ఆడవాళ్ళు టోపీలు కూడా పెట్టుకోకుండా తలుపు దగ్గర గుమిగూడారు. ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది, కాస్త దాటింది. కోడలు కళ్ళు మూసుకుంది.

"వెనక్కొచ్చిందమ్మా, గీత మీదే నిలబడింది," అన్నాడు ఫోర్‌మన్. "ఇక ఊపిరి పీల్చుకో."

పీల్చుకోలేదు. మొదటి ట్రే బయటికొచ్చాక ఒక బిస్కెట్ విరిచి, లోపల పచ్చి లేదని చూశాకే గోడకు ఆనుకుంది.