కాలని పాదాలు

మా ఆయన నారాయణను ఊళ్ళో అందరూ దేవుడిలాంటి మనిషంటారు. నన్ను గయ్యాళి అంటారు. అననీ. నోరు లేని మంచితనం ఎంత చెడ్డదో నేను కళ్ళారా చూశాను. ఈ సంగతి ఊళ్ళో చెబితే, వనజమ్మకు మొగుడంటే కుళ్ళన్నారు. అయినా చెబుతాను.

పులివెందుల నుంచి చక్రాయపేట వైపు పోయే దారిలో మాదొక చిన్న ఊరు. మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున, మా చెనిక్కాయ చేని గట్టున, బోరు పక్కనే, లాల్ బాషా కరెంటు తగిలి చచ్చిపడి ఉన్నాడు. మోటార్లు, పైపులు బాగుచేసే మనిషి. పక్కన సంచి, సంచిలో కటింగ్ ప్లేయరు. ఆ రోజుల్లో బోర్ల దగ్గర రాగి వైర్లు కోసుకుపోయే దొంగలతో రైతులు వేగలేకపోతున్నారు. ప్లేయరు చూడగానే ఎవడో “వైరు కోసేకి వచ్చినాడప్పా” అన్నాడు. అంతే, ఊరంతా అదే మాట. మా ఆయన అవుననలేదు, కాదనలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. పాపం, చావు చూసి బెదిరిపోయాడనుకున్నాను, మతిలేనిదాన్ని!

బాషా భార్య అఖ్తర్ బీ మాత్రం ఊరుకోలేదు. “మా ఆయప్ప పరాయోళ్ల చేన్లో రాలిన కాయ గూడా ముట్టడు. ఇంగోసారి దొంగ అన్నారంటే నాలికె కోస్తా!” అని కనిపించిన వాళ్ళందరితో కొట్లాడేది. ఎవరూ వినలేదు. ఎదిగిన కొడుకు ఉన్నాడామెకు. వాడినీ పనికి పిలవడం మానేశారు. దొంగ కొడుకును బోరు దగ్గరికి ఎవరు రానిస్తారు?

ఇంతలో పీర్ల పండుగ వచ్చింది. మా ఊళ్ళో పెద్ద పీరును ఎత్తుకునేది మా ఇంటివాళ్ళే, మా మామ వాళ్ళ నాయన కాలం నుంచి. ఎత్తుకున్నవాడు నిప్పుల గుండం తొక్కాలి. మనసులో పాపం ఉంటే కాళ్ళు కాలతాయని, లేకపోతే చల్లగా ఉంటుందని ఊరి నమ్మకం. గుండంలో ఉన్నంతసేపు వాడి నోట వచ్చేది వాడి మాట కాదు, పీరు మాట. ఇందులో హిందువులని, ముస్లిములని తేడా లేదు. ఈసారి మా ఆయన ఒంట్లో బాగాలేదు, ఎత్తుకోనన్నాడు.

ఆ మాట అఖ్తర్ బీ చెవిన పడింది. గుండానికి కట్టెలు పేరుస్తున్న చోటికి విసవిసా వచ్చింది.

“నారాయణన్నా, నువ్వే ఎత్తుకోవల్ల. మా ఆయప్ప నీ చేన్లో పోయినాడు. నీ తప్పుంటే కాళ్లు కాలతాయి. కాలకపోతే మా ఆయప్ప దొంగేనని నేనే ఒప్పుకుంటా. మళ్లీ నోరెత్తను.”

పీర్ల చావిడి చూసుకునే ముజావరు రహమతుల్లా చేతులు అడ్డం పెట్టాడు. “నిప్పుకేం తెలుసు బేటీ? తీర్పు చెప్పేది అల్లా. మన మతంల ఇట్లాంటిది యాడా లేదు” అన్నాడు. ఆ పెద్దాయన మాట ఎవరికి కావాలి? అందరూ మా ఆయన మొహం చూశారు. ఆయన సరేనన్నాడు.

సాయంత్రం కంచం ముందు కూర్చుని, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, అప్పుడు చెప్పాడు. పందులు చేను పెళ్ళగిస్తున్నాయని చుట్టూ ఇనుప తీగ లాగి, మోటారు కరెంటు తగిలించాడట. తప్పని తెలుసు కాబట్టి నాకు కూడా తెలియకుండా చేశాడు. పొలాలకు కరెంటు వంతుల మీద వస్తుంది. మాది రాత్రి వంతు. తెల్లవారేలోపు కరెంటు ఎలాగూ పోతుంది కదా అని స్విచ్చి తీసేవాడే కాదట. ఆ వారం మా వంతు పొద్దుటికి మారింది. ఆ సంగతి మర్చిపోయాడు.

“బాషాను పిల్సింది గూడా నేనేమే. పైపు కారతాంది, పొద్దున్నే వచ్చి సూడప్పా అన్నా. నేను పోయేతలికి పడిపోయుండాడు. తీగ చుట్టేసి గుట్టకాడ పూడ్చేసినా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “థూ! నువ్వు పిలిస్తే వచ్చినోన్ని దొంగ అంటాంటే నిలబడి విన్నావా? లెయ్. ఇప్పుడే పోయి ఆ యమ్మకు చెప్పు.”

“నా నోరు రాదు వనజా. నిప్పు చెప్తాది. గుండం నడిమధ్యలో నిలబడతా. కాళ్లు బొబ్బలెక్కితే ఊరంతా సూస్తాది. నాకు శిక్ష పడల్ల.”

“నీ నోటితో చెప్పాల్సింది నిప్పుతో చెప్పిస్తావా? దేవుడు నీకు నోరు దేనికిచ్చినాడు, కూడు తినేకా?”

నేనే పోయి చెబుతానని లేచాను. నా కాళ్ళు పట్టుకున్నాడు. ఒక్క పొద్దు ఆగు, శిక్ష నాకు పడనీ అని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అట్లా ఏడుస్తుంటే ఏం చేయను? ఆగాను.

తెల్లవారుతూనే పీరును మా ఆయన భుజాన పెట్టారు. డప్పులు అదిరిపోతున్నాయి. అఖ్తర్ బీ గుండం అంచున, సెగ మొహానికి కొడుతున్నా కదలకుండా నిలబడింది. కాలాలనే కోరుకున్నాను, కట్టుకున్నవాడి కాళ్ళు! ఆయన నిప్పుల్లో అడుగుపెట్టాడు. నిలబడతానన్న మనిషి, సెగ తగలగానే గబగబా నాలుగంగల్లో అవతల ఉన్నాడు. పట్టుకుని అరికాళ్ళు చూశారు. ఒక్క బొబ్బ లేదు. పుట్టినప్పటి నుంచి చెప్పుల్లేకుండా రాళ్ళ చేలల్లో తిరిగిన పాదాలవి, ఎద్దు గిట్టల్లా గట్టిపడి ఉంటాయి. నాలుగంగల నిప్పు వాటినేం చేస్తుంది?

అప్పుడు పెగిలింది ఆయన నోరు. వెనక్కి తిరిగి మళ్ళీ నిప్పుల మీదుగా ఉరుకుతూ, “నేనే సంపినా! బాషాను నేనే పిల్సినా, నేనే సంపినా!” అని కేకలు పెట్టాడు. అమ్మయ్య, చెప్పేశాడు అనుకున్నాను. జనం దబ్బున మోకాళ్ళ మీద పడ్డారు. “పీరు పలుకుతాండాడు! దొంగను పీరే పిల్సి సంపినాడంట!” అని లెంపలు వేసుకున్నారు. ఆయన్ను లాగి ఊది పూశారు, పూలు చల్లారు, పిల్లల్ని తెచ్చి కాళ్ళ మీద వేశారు. కాదు, కాదు అని నేను అరిచిన అరుపు డప్పుల్లో ఎవరికీ వినపడలేదు.

మధ్యాహ్నం అఖ్తర్ బీ మా ఇంటికి వచ్చింది.

“అన్నా, నిన్ను అనుమానించినా. మాఫ్ చెయ్” అంది.

ఆమె రెండు చేతులూ పట్టుకుని అంతా చెప్పాను. తీగ, స్విచ్చి, పైపు కోసం పిలవడం, ఏదీ దాచలేదు. “నీ మొగుడు దొంగ కాదు అఖ్తరూ. గుండంలో కేకేసింది పీరు కాదు, ఈయనే” అన్నాను. ఆమె మొహంలోకి ప్రాణం వచ్చినట్టయింది. మా ఆయన వైపు తిరిగి, “నిజమా అన్నా? నువ్వు ఊ అను సాలు. నాకు కేసొద్దు, ఏమీ వద్దు” అంది.

వాకిట్లో ఇంకా మొక్కడానికి వచ్చిన జనం ఉన్నారు. ఆయన వాళ్ళ వైపు చూశాడు. తర్వాత తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. నిన్నటి ఏడుపు ఆ మొహంలో లేదు. నిజంగా నమ్ముతున్నాడు, ఆ పాపిష్టి మనిషి!

“కాళ్లు కాలలేదు గదమ్మా” అన్నాడు.

“చెప్పవయ్యా, నీ నోట్లో మన్ను పడ!” అని రెక్క పట్టుకుని కుదిపేశాను. రెక్క విడిపించుకున్నాడు.

అఖ్తర్ బీ నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది. “నా మీద జాలితో అన్నావులే వదినా” అని కళ్ళు తుడుచుకుంది. ఆయన ముందు కొంగు పట్టుకుని వంగింది.

“మా పిల్లోన్ని మీ చేన్లో పనికి పెట్టుకో అన్నా. నీ కండ్ల ముందరే ఉంచుకో. వాళ్ల నాయన బుద్ధి వానికి రాకుండా సూడు.”

“రేపట్నుంచి పంపమ్మా” అన్నాడు మా ఆయన.