తొమ్మిదో ఫారం

బెజవాడ పుస్తకావిష్కరణ సభల్లో పుస్తకం చదవకుండా మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో నేనొకణ్ణని మొన్నటిదాకా ఎవరికీ తెలియదు. వాళ్లందరికంటే బాగా మాట్లాడేవాణ్ణి కూడా నేనే. ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. అచ్యుతరామారావు మాస్టారు మైకు ముందుకొస్తే ఈ జిల్లా రచయితలకు చెమటలు పడతాయని ఒక ప్రతీతి. దాన్ని నేనే కొంత పెంచి పోషించాను.

సిగ్గు విడిచి నా పద్ధతి చెబుతాను. మన పుస్తకాలకు ముందుమాటల కొదవ లేదు. నలుగురు పెద్దలు కథంతా అక్కడే చెప్పేస్తారు. అవి చదివి, మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం చూసి, మధ్యలో ఎక్కడో ఒకచోట తెరిచి రెండు వాక్యాల కింద పెన్సిలుతో గీత గీస్తాను. మూడు గుణాలు, రెండు దోషాలు, చివర ఒక ఆశీర్వచనం. ఆవు వ్యాసం వచ్చినవాడికి ఏ ప్రశ్నయినా ఒకటే. దోషాలు చెప్పబట్టే నాకు పేరొచ్చింది. తప్పు పట్టినవాడు చదివే ఉంటాడని జనం నమ్మకం.

నా దగ్గర చదువుకున్న మనోజ్ఞ పోయిన నెల ఇంటికొచ్చింది. వాళ్ల నాన్న రామకోటేశ్వరరావుకి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ దుకాణం ఉంది. పిల్ల ఉద్యోగం చేస్తూనే టీనేజి పిల్లల కోసం ఒక ఫాంటసీ నవల రాసిందట. పేరు 'ఏడో లాకు'. మా ఆవిడ దుర్గాంబ ఇచ్చిన కాఫీ ముట్టకుండా, పుస్తకం రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"సార్, ఆదివారం సభలో మీరే మాట్లాడాలండీ. మొహమాటపడొద్దు. ఏది బాగుందో, ఏది బాలేదో ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు బాగుందంటే రెండో భాగం రాస్తాను, లేదంటే మానేస్తాను. నాన్నగారు ఎటూ ఉద్యోగం మానేసి కొట్లో కూచోమంటున్నారు."

"అంత మాటెందుకమ్మా! చదివి చెబుతాగా," అన్నాను.

చదవలేదు. పిల్లల పుస్తకం, పైగా రాక్షసులు, మంత్రాలు! నాకెందుకులే అనుకున్నాను. తీరా శనివారం సాయంత్రం తెరిస్తే దానికి ముందుమాటే లేదు. ఆ పిల్ల మీద నాకు నిజంగా కోపం వచ్చింది. పెద్దల చేత నాలుగు మాటలు రాయించుకోవాలన్న ఇంగితం కూడా లేదే అని విసుక్కున్నాను. చేసేది లేక మొదటి అధ్యాయం చదివాను. బందరు కాలువ మీద లాకు తలుపులు తిప్పే తాత, మనవరాలు నీలవేణి. ఏ పటంలోనూ లేని ఏడో లాకు కాలువ అడుగున ఉంది. దాని అవతల మునిగిపోయిన ఊళ్ల లోకం ఉంది. నీలవేణి తల్లి అక్కడికి వెళ్లి తిరిగి రాలేదు. చివరి అధ్యాయంలో నీలవేణి ఒక్కతే ఇంటికొస్తుంది. మధ్యలో వేలు పెట్టి తెరిస్తే నూట ముప్ఫై ఒకటో పేజీ వచ్చింది. మూడు వాక్యాల కింద గీత గీసి, పక్కన 'భేష్' అని రాసి నిద్రపోయాను.

సభకు ఎనభైమంది దాకా వచ్చారు. సగం మంది స్కూలు పిల్లలే. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"ఈ నవలకు ప్రాణం దాని నీటి లోకం. వినండి. 'తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడవి ఒక్కొక్కటిగా పైకి తేలి ఒడ్డు వెంట గుమిగూడతాయి. ఆ వేళ కాపలా మనిషి నిద్రపోరాదు.' అవి ఏమిటో చెప్పకుండా ఎంత భయపెట్టిందో చూశారా! నవల మొత్తానికీ ఈ మూడు వాక్యాలు చాలు."

చప్పట్లు పడ్డాయి. రెండో వరసలో ఒకాయన మరీ గట్టిగా కొట్టాడు. మనోజ్ఞ మాత్రం చేతిలో కాగితం వంక చూస్తూ కూర్చుంది. వినయం అనుకున్నాను.

తరువాత దోషాలు. "తల్లి పిల్లను వదిలి ఎందుకు వెళ్లిందో రచయిత్రి చెప్పనే లేదు. అది పెద్ద లోపం. మధ్య భాగం చప్పగా సాగింది. ఒక వంద పేజీలు తీసేసినా నష్టం లేదు."

ముందు వరసలో తొమ్మిదో క్లాసు పిల్ల సుస్మిత చెయ్యెత్తింది. "అది చెప్పారు కదా సార్..." అని ఏదో అనబోయింది. మనోజ్ఞ తల అడ్డంగా ఊపి, కళ్లతోనే కూర్చోమంది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో లేచే ఈ కాలపు పిల్లలను ఉద్దేశించి నేను ఒక చలోక్తి కూడా విసిరాను. హాలంతా నవ్వింది. సుస్మిత మొహం ఎర్రబడింది.

సభ అయ్యాక మిక్చరు, టీ ఇచ్చారు. గట్టిగా చప్పట్లు కొట్టినాయన దగ్గరికొచ్చాడు. మనోజ్ఞ బాబాయి లక్ష్మీకాంత్, నాగాయలంక వైపు రొయ్యల చెరువులు చేస్తాడట.

"సార్, మీరు చదివింది అచ్చం మా చెరువు సంగతేనండీ! తెల్లారుగట్ల చూసుకోపోతే మొత్తం సరుకంతా ఒడ్డుకొచ్చేస్తదండి. మా పిల్ల ఇంత బాగా ఎప్పుడు నేర్చుకుందో!"

"జీవితంలోంచి వచ్చిన రచన అలాగే ఉంటుందండీ," అన్నాను.

వెళ్లేటప్పుడు మనోజ్ఞ వచ్చి కొత్త కాపీ ఒకటి నా చేతిలో పెట్టింది. "మీ పెన్సిలు గుర్తులున్న కాపీ నాకిచ్చేయండి సార్. దాచుకుంటాను." నా గుర్తులకు అంత విలువుందని మురిసిపోతూ ఇచ్చేశాను.

మరుసటి ఆదివారం పొద్దున్న, అదే ప్రసంగాన్ని ఒక పత్రికకు సమీక్షగా రాద్దామని కూర్చున్నాను. ఆ మూడు వాక్యాలు ఉన్నవున్నట్టు దింపుకోవాలి. నూట ముప్ఫై ఒకటో పేజీ తీశాను. అక్కడవి లేవు. పేజీ పొరపడ్డానేమోనని ముందుకు వెళ్లాను, వెనక్కి వెళ్లాను. చివరికి మొదటినుంచీ వేలు పెట్టి వెతకడం మొదలుపెట్టాను. యాభయ్యో పేజీ దగ్గర వెతకడం మర్చిపోయి చదువుతున్నాను. దుర్గాంబ రెండుసార్లు భోజనానికి పిలిచింది. మూడోసారి కంచం తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఆ మూడు వాక్యాలు పుస్తకంలో ఎక్కడా లేవు. నూట ఇరవై తొమ్మిది నుంచి నూట నలభై నాలుగు దాకా ఉన్నది తల్లి కథ. ఏడో లాకు తలుపును లోపలి నుంచి ఎవరో ఒకరు పట్టుకోకపోతే వరద ఊరి మీద పడుతుంది. తల్లి పిల్లను వదిలి వెళ్లలేదు, పిల్ల కోసమే తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఇన్నాళ్లూ తల్లిని తిట్టుకున్న నీలవేణి ఆ తలుపుకి ఇవతల అరచెయ్యి ఆనిస్తుంది. అక్కడ చెక్క వెచ్చగా ఉంటుంది. అరవై నాలుగేళ్లవాణ్ణి, పిల్లల పుస్తకం చేతిలో పెట్టుకుని ఏడ్చాను.

ఏడుపు ఆగాక విషయం అర్థమైంది. నా పద్యాల పుస్తకం కూడా అదే ప్రెస్సులో అచ్చయింది. అక్కడ నవలలూ వేస్తారు, రొయ్యల పెంపకం గైడ్లూ వేస్తారు. పదహారు పేజీల ఫారాలను చేత్తో ఒకదాని మీద ఒకటి పేర్చి కుడతారు. నాకొచ్చిన కాపీలో తొమ్మిదో ఫారం మారిపోయి రొయ్యల గైడుది పడింది. దానికి నేను భేష్ అని రాశాను. ఎనభైమంది ముందు చదివి వినిపించాను. ఆ పిల్ల నా కాపీ ఎందుకు తీసుకుందో అప్పుడు తెలిసింది. అది మరొకరి కంట పడి నా పరువు పోకుండా దాచింది.

ఆ రాత్రంతా సాకులు వెతుక్కున్నాను. కళ్లజోడు మారిందని చెబుదామా, ఒంట్లో బాగాలేదని చెబుదామా? ఏదీ నాకే నచ్చలేదు. సోమవారం బస్సెక్కి ఆటోనగర్ వెళ్లాను. మనోజ్ఞ నిజంగానే కొట్లో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది.

"అమ్మా, నా కాపీలో తొమ్మిదో ఫారం..."

"తెలుసు సార్. మీరు చదువుతుండగానే తెలిసింది. బైండింగు తప్పండీ, ముందే చూసుకోవాల్సింది. మీకు ఇబ్బంది కలిగింది."

ఆ పిల్ల నాకు క్షమాపణ చెబుతోంది! గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ వచ్చినవాణ్ణి, మాట మార్చేశాను.

"రెండో భాగం రాస్తున్నావా?"

"లేదండి, ఆపేశాను." ముందున్న బేరింగు పెట్టెలు సర్దుతూ చెప్పింది. "రొయ్యల పేజీ సంగతి వదిలేయండి. మధ్యలో చప్పగా ఉందన్నారు కదా, అది నిజమేననిపించింది. మీలాంటివారే చదవలేక వదిలేశారంటే అది చదివించలేదనేగా సార్!"

ఇంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. నా బద్ధకాన్ని ఆ పిల్ల తన నవల దోషాల్లో రాసుకుంది. అక్కడ 'అవునమ్మా, కొంచెం సాగింది' అంటే నా పరువు దక్కుతుంది. నా నోట్లో ఆ మాట సిద్ధంగా కూడా ఉంది.

"నేను వదిలెయ్యలేదమ్మా," అన్నాను. "మొదలే పెట్టలేదు. అటూ ఇటూ చూసి మాట్లాడాను. నీ పుస్తకం ఒక్కటే కాదు, ముప్ఫై ఏళ్లుగా ఇంతే. నిన్న చదివాను. చదువుతూ అన్నం కూడా తినలేదు."

మనోజ్ఞ బేరింగు పెట్టెలు పక్కకు నెట్టింది. కోప్పడుతుందేమోనని ఎదురుచూశాను, పడలేదు.

"అయితే ఇప్పుడు చెప్పండి సార్. ఏది బాగుంది, ఏది బాలేదు?"

చెప్పాను. తల్లి కథ మీద ఒక్క అక్షరం ముట్టుకోవద్దన్నాను. లాకులు, కాలువలు నోరు తెరిచి మాట్లాడుతున్నాయన్నాను. పేర్లు మరీ ఎక్కువైపోయి రాక్షసుల్లో ఎవరు ఎవరో నాకు తెలియలేదని, చివరి యుద్ధం పరీక్షలో టైమైపోయినట్టు గబగబా ముగించావని చెప్పాను. ఆ పిల్ల బిల్లుల పుస్తకం తిరగేసి వెనక అట్ట మీద అన్నీ రాసుకుంది.

"రెండో భాగం రాస్తావుగా? రాశాక ముందు నాకివ్వు. ఈసారి..."

"రాస్తాను సార్. కానీ ముందు సుస్మితకిస్తానండి." గొంతులో మర్యాద ఏమాత్రం తగ్గలేదు. "ఆ పిల్ల చదివే చెబుతుంది. మీరు సభకు తప్పకుండా రండి. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను, కూచుని వినండి."

వస్తానన్నాను. సభలో నేను నవ్వులపాలు చేసిన ఆ పిల్ల స్కూలు ఎక్కడో అడిగి, చీటీ మీద రాయించుకుని బస్టాపుకి నడిచాను.