ఉమ్మిన రసం

తిరువూరు వైన్ షాపులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. అందుకే చర్చి సంఘంలో ప్రభుభోజనానికి ద్రాక్షరసం హన్నమ్మే చేసేది. బెజవాడ నుంచి నల్లద్రాక్ష తెప్పించి, జాడీలో పిసికి, గుడ్డ కట్టి, పులియబెట్టి వడగట్టేది. మిగతా రోజుల్లో గంపలగూడెం చేలల్లో పత్తి తీసే మనిషి. అక్కడ ఆసాములు ఆమెను ‘ఒసే’ అనే పిలుస్తారు. నెలకో ఆదివారం మాత్రం కూజా పట్టుకుని ఆమె గుళ్ళో నడుస్తుంటే ఉద్యోగస్తులు కూడా లేచి నిలబడాల్సిందే. రసం చేసిన మనిషే దాన్ని ప్రభువు బల్ల దగ్గరికి మోయాలి. అది ఆ సంఘం ఆచారం. ఆ నాలుగడుగుల నడకే హన్నమ్మకున్న ఆస్తి.

దాని మీద ప్రేమావతి టీచరు కన్ను పడింది. రెండువేల మూడు క్రిస్మస్ ముందు కమిటీలో లేచింది. “పత్తిచేలో పురుగుమందంటిన చేతులండీ అవి. ఆ చేతుల్తో పిసికింది పిల్లల నోట్లో ఎలా పోస్తాం?” తను చేసిన సీసా ఒకటి ముందే సంచిలో ఉంది.

హన్నమ్మకి ఒళ్ళు మండింది. “ఎవరిది బాగుందో తెలిసినోడ్నే అడుగుదాం. మా డానీ చదివిందదే కదా!”

డానీ ఆమె మేనల్లుడు. తల్లి పోతే చంకనేసుకుని పెంచింది. హైదరాబాదులో హోటలు చదువు చదివాడు, వైన్ రుచి చూసి మార్కులేసే కోర్సు కూడా చేశాడు, ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు. ప్రేమావతి తమ్ముడు అక్కడే ఓ పెద్ద హోటల్లో మేనేజరు. ఆ సంగతి హన్నమ్మకి తెలుసు. తెలిసినా లెక్కచెయ్యలేదు. నా బిడ్డ అనుకుంది.

శనివారం గుళ్ళో పరీక్ష. డానీ సీసాలకు కాగితాలు చుట్టించి, ఒకటి, రెండు అని రాయించాడు. గ్లాసు వెలుగుకెత్తి రంగు చూశాడు. తిప్పాడు. ముక్కు దూర్చి వాసన పీల్చాడు.

“పెళ్ళిచూపులేంట్రా? తాగవయ్యా!” అన్నాడు సంఘ పెద్ద ఏసురత్నం. అందరూ నవ్వారు.

డానీ ఒకటో నంబరు నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న బకెట్లో ఉమ్మేశాడు.

“ప్రభువు ఇంట్లో ఉమ్ముతావేంట్రా!” ఏసురత్నం కేకకి గుడి అదిరింది. డానీ బెదిరిపోయి రెండోదాన్ని గుటుక్కున మింగేశాడు.

ఏసురత్నం ఆగలేదు. కాగితాలు చింపేశాడు. “ఉమ్మింది హన్నమ్మది! మింగింది టీచరుగారిది! ఇంకేం కావాలి?”

డానీ ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. హన్నమ్మ ఆ నోటికేసే చూస్తోంది.

“డానీ, నీ సంగతి మా తమ్ముడితో చెప్పాను బాబూ,” అంది ప్రేమావతి. “పండగ కాగానే రమ్మన్నాడు.”

తెరిచిన నోరు మూతపడింది.

“చెప్పవయ్యా, బాగోకేగా ఉమ్మింది?” అన్నాడు ఏసురత్నం.

“కొంచెం... పులుపండి,” అన్నాడు డానీ నేలచూపులు చూస్తూ.

“ఉమ్మిన రసం బల్ల మీద పెట్టలేం హన్నమ్మా. మనసులో పెట్టుకోకు,” అన్నాడు పాస్టరు.

క్రిస్మస్ నాడు ప్రేమావతి కూజాతో నడిచింది. అందరూ లేచారు. చివరి వరసలో హన్నమ్మా లేచింది. లేవకపోతే పొగరంటారు మరి.

మర్నాడు డానీ కొత్త చొక్కా తొడుక్కుని, బ్యాగు తగిలించుకుని వచ్చాడు. “వెళ్ళొస్తా అత్తా.”

హన్నమ్మ జాడీలోంచి గ్లాసు నిండా ముంచి ఇచ్చింది. ఎత్తిన గ్లాసు దించకుండా తాగాడు.

“ఎలా ఉంది?”

“ఇదే బాగుందత్తా. టీచరుది ఉత్త పంచదార నీళ్ళు.”

“మరి ఉమ్మావు?”

“అది మా పద్ధతి. ఎంత బాగున్నా ఉమ్మాల్సిందే. మింగితే మత్తెక్కి తర్వాతదాని రుచి తెలీదు.”

“ఈ ముక్క అక్కడ చెప్పడానికి నోరు రాలేదేంరా?”

డానీ వాచీ చూసుకున్నాడు. “బస్సుకి టైమైంది.”

హన్నమ్మ బకెట్టు తెచ్చి అతని గడ్డం కింద పెట్టింది. “ఉమ్ము.”

“తాగేశాను కదత్తా!” నవ్వాడు.

“నేను పెట్టిందంతా తాగావు. ఉమ్మి పో.”

ఎగతాళి అనుకున్నాడు. ఆమె అతని మెడ ఒడిసి పట్టుకుంది. పత్తికాయలు గీరి మొద్దుబారిన వేళ్ళు నోట్లోకి దూరాయి, గొంతుదాకా. డానీ గిలగిలా కొట్టుకుని కక్కాడు. కొత్త చొక్కా ముందుభాగమంతా ఎర్రగా తడిసింది.

“ఇప్పుడు వెయ్యరా మార్కులు.”

డానీ ఏడుస్తూ రోడ్డు మీదికి పరిగెత్తాడు. కాసేపటికి హైదరాబాదు బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. ఎక్కాడన్నమాట. ఎందుకెక్కడు? ఉద్యోగం ఉందిగా.

హన్నమ్మ జాడీని కూడా బకెట్లో బోర్లించి, వేళ్ళు కొంగుకి తుడుచుకుని, పత్తిచేనుకి బయల్దేరింది.