ఎడమవైపు మనిషి

ఆ ఆదివారం లారీని షెడ్డులోంచి తీసే ముందు చేయవలసిన పనులు ఇవి. రేడియేటర్లో నీళ్లు చూడాలి. వారమంతా నిలబడే ఉంది కాబట్టి డీజిల్ లైనులో చేరిన గాలి తీసెయ్యాలి. స్ప్రింగు పట్టీలకీ స్టీరింగు కీళ్లకీ గ్రీజు కొట్టాలి. ఇనుపరాడ్డుతో టైర్లని ఒక్కొక్కటిగా కొట్టి, చప్పుడు గట్టిగా వస్తోందో మెత్తగా వస్తోందో వినాలి. ఇంజను వేసి, బ్రేకుల్లో గాలి ఎంతుందో చూపించే ముల్లు పైకి వచ్చేదాకా ఆగాలి. చక్రాల కింది చెక్కలు తీయాలి. ఇక మీదట లారీ నడపొద్దని నాన్నకి చెప్పాలి.

మొదటి పనులన్నీ నాన్నవి. చివరిది నాది.

మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషిని నేను. బడిలో పిల్లలకి సైన్సు చెప్తాను. డిగ్రీ ఉన్నందుకు ఇంట్లో దరఖాస్తులు నింపడం, డాక్టర్లతో మాట్లాడడం, ఇంకెవరికీ నోరు రాని మాట చెప్పడం నా వాటా అయ్యాయి. నాన్నకి చిన్నపాటి పక్షవాతం వచ్చి తగ్గాక ఆసుపత్రికి తీసుకెళ్లిందీ నేనే. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. డాక్టరు ఆయన్ని బయట కూర్చోమని, నాతో చెప్పారు.

"కళ్లకి ఏమీ కాలేదమ్మా. మెదడే ఎడమవైపు చూడడం మానేసింది. అక్కడ చీకటి కూడా ఉండదు. అసలు ఎడమ అనేదే ఉండదు. అది లేదన్న సంగతి కూడా ఆయనకి తెలీదు."

అప్పుడు నాకు నాన్న భోజనం గుర్తొచ్చింది. కొన్నాళ్లుగా పళ్లెంలో కుడి సగమే తిని, "ఏమే, ఇవాళ ఇంతేనా?" అంటున్నాడు. అమ్మ పళ్లెం తిప్పి పెడితే మిగతాది తింటున్నాడు. ఆవిడ అది చాదస్తం అనుకుంది. గడ్డం కూడా ఒక చెంపే గీసుకుని వస్తున్నాడు.

నాన్న జీవితమంతా లారీ డ్రైవరు. పని మానేశాక, తను వయసులో నడిపిన లారీనే పాత ఇనుము కొట్టులో పిచ్చిమొక్కల మధ్య చూశాడు. ముక్కు ముందుకి పొడుచుకొచ్చిన పాతకాలపు బండి. ఇంటి వెనక షెడ్డు వేసి, దాన్ని తెచ్చి నిలబెట్టి, ఏళ్ల తరబడి బాగుచేశాడు. ఆ షెడ్డు ముందే నాకూ దాన్ని తోలడం నేర్పాడు. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లు ఊళ్లో ఇంకొందరు ఉన్నారు. ఆదివారం పొద్దున్నే తమ పాత బండ్లు తీసి కొండ మీదికి వెళ్లి రావడం వాళ్ల సరదా. అందులో ఒకాయన పళ్ల డాక్టరు. ఆయనది పాత మిలిటరీ ట్రక్కు. "నోట్లో పళ్లు ఎలా పీకుతాడో తెలీదు గానీ, గేర్ల పళ్లు మాత్రం చక్కగా పీకుతాడు" అని నాన్న వెక్కిరించేవాడు. ఆయన నవ్వేసి, నాన్నని గురువుగారూ అనే పిలిచేవాడు.

అమ్మకి ఆ లారీ సవతి. "దానికి రాసే గ్రీజులో సగం నా మోకాళ్లకి రాసినా నేను పరుగెత్తేదాన్ని" అనేది. కానీ ఆ ఆదివారం అమ్మ వేళాకోళం ఆడలేదు.

"చెప్పావా?"

"చెప్తానమ్మా. కొండెక్కి వచ్చాక."

"వచ్చాక ఏం చెప్తావే? రాకపోతే ఎవరికి చెప్తావు?"

"పక్కన నేనే కూర్చుంటాను. పొద్దున్నే ఆ దారిలో ఎవరూ ఉండరు. ఎడమవైపు నేను చూస్తాను. ఈ ఒక్కసారికి పోనీ అమ్మా."

అమ్మ "నీది చదువుకున్న మొండితనం, ఆయనది చదువుకోని మొండితనం" అని లోపలికి వెళ్లిపోయింది.

నేను అమ్మకి చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్ని వారాల్లో నాన్న లారీని కడగడానికి బయటికి తీసి, చాలాసార్లు వెనక్కి నడిపి షెడ్డులో పెట్టాడు. షెడ్డు ఎడమ గోడకీ లారీకీ మధ్య మనిషి పక్కకి తిరిగి వెళ్లేంత సందే ఉంటుంది. ఎడమ అనేదే లేని మనిషి ఒక్కసారి కూడా గోడని గీకలేదు. ఒకరోజు నేను వంటింట్లో ఉండగా, బాడీ మీద అరచేత్తో కొట్టిన చప్పుడు వినిపించింది. రెండు దెబ్బలు. కాస్త ఆగి మళ్లీ రెండు. చివర ఒకటి. పళ్ల డాక్టరు వచ్చి సాయం చేస్తున్నాడనుకుని టీ తీసుకుని వెళ్లాను. షెడ్డులో నాన్న ఒక్కడే ఉన్నాడు. ఇంజను ఆపి, అలవాటుగా ఎడమవైపు తల ఊపి దిగుతున్నాడు.

ఆ దెబ్బల భాష లారీవాళ్లకి తెలుసు. క్లీనరు ఎడమవైపు కూర్చుంటాడు. ఇరుకు చోట్ల దిగి బండి వెనక నడుస్తాడు. బాడీ మీద ఒక దెబ్బ కొడితే ఆపు. రెండు కొడితే పోనియ్. దెబ్బ పడ్డాక డ్రైవరు అద్దంలో చూసుకోకూడదు, ఎందుకని అడగకూడదు. చూసుకుంటే క్లీనర్ని అవమానించినట్టు. నాన్న కాలపు డ్రైవర్లంతా అలాగే నడిపారు.

నాన్న క్లీనరుని అందరూ బక్కోడు అనేవాళ్లు. నాకు బక్క బాబాయ్. నేను చిన్నగా ఉన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని లారీ చుట్టూ తిప్పాడని అమ్మ చెబుతుంది. నాకు గుర్తు లేదు. ఒక ప్రయాణంలో, ఈ లారీలోనే, ఆయనకి జ్వరం వచ్చింది. నాన్న ఆయన మీద దుప్పటి కప్పి, ఎడమ సీట్లోనే కూర్చోబెట్టి, ఆసుపత్రి ఉన్న ఊరికి బండి తోలాడు. దారిలో ఇరుకు చోటు వచ్చినప్పుడల్లా ఆ తలుపు రేకు మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయట. అందుకే నాన్న మనిషి బాగానే ఉన్నాడనుకున్నాడు. ఆసుపత్రిలో మాత్రం, ఈయన పోయి చాలాసేపయింది, ఒళ్లు కూడా బిగుసుకుపోయింది అన్నారు.

ఈ సంగతి నాన్న ఒక్కసారే చెప్పాడు. నేను సైన్సు టీచర్ని కదా, తలుపు వదులై కొట్టుకుని ఉంటుందన్నాను.

లారీ ఊరు దాటి కొండ దారి పట్టేసరికి పల్చగా మంచు ఉంది. దారికి కుడివైపు కొండ, ఎడమవైపు లోయ. నేను ఎడమ సీట్లో కూర్చుని, చేతిని కిటికీలోంచి బయటికి పెట్టి, తలుపు మీద దెబ్బలు వేస్తూ వచ్చాను. మలుపు బాగుంటే రెండు. బండి అంచుకి జరుగుతుంటే ఒకటి. నాన్న హుషారుగా ఉన్నాడు. క్లచ్చి రెండుసార్లు తొక్కుతూ, మధ్యలో యాక్సిలరేటరు చిన్నగా ఇస్తూ, గేరు పళ్లు కరవకుండా మారుస్తున్నాడు.

"నీ చెయ్యి మెత్తనమ్మా. రేకుకి వినిపించేలా కొట్టాలి. బక్కోడు కొడితే పక్క బండివాడు కూడా ఆపేవాడు."

సగం దూరం ఎక్కాక ఒక మలుపు వచ్చింది. దారి బాగానే ఉంది, రెండు వేద్దామని చెయ్యి ఎత్తాను. నా అరచెయ్యి తలుపుని తాకకముందే రేకు రెండుసార్లు మోగింది. ఆ అదురు నా మోచేతికి తెలిసింది.

"అదీ దెబ్బంటే" అన్నాడు నాన్న.

నేను చెయ్యి లోపలికి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. దెబ్బలు పడుతూనే ఉన్నాయి. ప్రతి దెబ్బా సరైన చోటే పడింది.

ఇంకొంచెం పైకి వెళ్లేసరికి ఎదురుగా పళ్ల డాక్టరు ట్రక్కు దిగుతూ వచ్చింది. ఇద్దరికీ దారి లేదు. ఆయన తల బయటికి పెట్టి అరిచాడు.

"గురువుగారూ, నేను వెనక్కి పోనా?"

"నువ్వు వెనక్కి పోతే లోయలోకే పోతావు డాక్టరూ! కదలకుండా ఉండు చాలు." నాన్న నావైపు మొహం తిప్పాడు. "మన వెనకాలే వెడల్పు చోటుంది. రెండు లారీలు పడతాయి. దిగి చూడు."

నేను దిగి లారీ వెనక ఎడమ మూలకి వెళ్లాను. అక్కడ అంచు వెంబడి గడ్డి మోకాళ్లెత్తు పెరిగింది. బాడీ చెక్క మీద రెండు కొట్టాను. లారీ మెల్లగా వెనక్కి వచ్చింది. మళ్లీ రెండు. గడ్డిలో కాలు పెట్టి చూస్తే కాలు దిగిపోయింది. గడ్డి కింద రోడ్డు లేదు. వానలకి కోసుకుపోయి, మీద గడ్డి మాత్రం అల్లుకుని ఉంది. వెంటనే ఒక దెబ్బ కొట్టాను. లారీ ఆగింది.

రెండు దెబ్బలు వినిపించాయి.

అవి నేను కొట్టినవి కావు. క్యాబిను వెనక, బాడీ ముందు చివర చెక్కలు అదిరి, సందుల్లోని దుమ్ము సన్నగా రాలింది. అక్కడ ఎవరూ లేరు. లారీ మళ్లీ వెనక్కి కదిలింది. పిడికిలితో ఒకటి గుద్దాను. ఆగింది. అటు నుంచి రెండు. నిదానంగా, తెలిసిన చోటికి పిలుస్తున్నట్టు. నా పక్కనే వెనక చక్రం కింది మట్టి జారింది. రాళ్లు లోయలోకి దొర్లాయి. అవి కింద పడిన చప్పుడు రాలేదు.

ఒక రాయి తీసి చక్రం వెనక కుక్కి, పరుగెత్తి ఎడమ మెట్టు ఎక్కి తలుపు తెరిచాను. సీటు ఖాళీగా ఉంది. కానీ దాని మెత్త లోపలికి నొక్కుకుని ఉంది, ఎవరో కూర్చున్నట్టు. నేను చూస్తుండగా కూడా పైకి లేవలేదు.

"నాన్నా, ఆపు! రెండు కొట్టింది నేను కాదు."

"తెలుసులేమ్మా. నీ చెయ్యేదో వాడి చెయ్యేదో నాకు తెలీదా?"

"అయితే ఎందుకు కదిలావు?"

"వాడు ఎప్పుడైనా తప్పు చెప్పాడా?"

కొండెక్కి వచ్చాక చెబుదామనుకున్న మాట అప్పుడే చెప్పేశాను. "నాన్నా, నీకు ఎడమవైపు కనపడదు. డాక్టరు చెప్పారు. నీకు తెలీదు, కానీ కనపడదు."

నాన్న కోప్పడలేదు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, "అదా సంగతి" అన్నాడు. "ఈ మధ్య అటు తిరిగితే వాడొక్కడే కనిపిస్తున్నాడు. ఇంకేమీ లేదు. నువ్వు ఆ తలుపు దగ్గర నిలబడ్డావని గొంతుని బట్టి అనుకుంటున్నాను."

ఆ సీటు మీదుగా చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజను ఆపడానికి కూడా నాకు ధైర్యం రాలేదు. అటు చుట్టూ తిరిగి వెళ్లి, కుడి తలుపు తీసి, ఇంజను ఆపించి, నాన్నని దింపాను. చెయ్యి పట్టుకుని లారీ వెనకవైపుకి నడిపించుకెళ్లాను. ఆయన అంచు పక్కన నిలబడి, "ఏదీ, రోడ్డు బాగానే ఉందిగా" అన్నాడు. లోయ ఆయనకి ఎడమన ఉంది. భుజాలు పట్టుకుని ఆయన్ని వెనక్కి తిప్పాను. లోయ కుడివైపుకి వచ్చింది.

నాన్న కాలితో గడ్డిని పక్కకి నెట్టి, కింది ఖాళీని చూశాడు.

"ఇక్కడేనే మేం ఇంజను చల్లారబెట్టుకునేది. వాడు ఇక్కడే పడుకునేవాడు. ఇదంతా చదును. ఎప్పుడు పోయింది?"

"ఎప్పటి వానలకో."

"మరి వాడు రమ్మంటున్నాడే?"

"ఆయనకి తెలీదు నాన్నా. ఆయన చూసిన రోడ్డే ఆయన చెబుతున్నాడు. ఆ రోడ్డు ఇప్పుడు లేదు."

నాన్న అక్కడే రాయి మీద కూలబడ్డాడు. ఆయన కళ్లలో నీళ్లు నేను చూడడం అదే మొదటిసారి.

"నేను దిగిపోతే వాణ్ణి ఎవరు తలుచుకుంటారే? పెళ్లాం లేదు, పిల్లలు లేరు. పాడె మోసింది నలుగురు డ్రైవర్లం. మిగతా ముగ్గురూ పోయారు. నేను సీట్లో ఉన్నంతసేపే వాడికి పక్కన చోటు."

"బండి నేను తోలుతాను. ఆయన గురించి నలుగురికీ నేను చెబుతాను."

"ఏమని చెబుతావు? వాడి అసలు పేరు నాకే తెలీదు. పేరుతో పిలిచే అవసరం ఎప్పుడూ రాలేదు."

"నువ్వు పిలిచినట్టే చెబుతాను."

నాన్న తల ఊపాడు. లేచి, ముందుకి నడిచి, నన్ను లోయ అంచు వైపు నిలబెట్టి, చేతులు ఊపుతూ పళ్ల డాక్టరుని పైనున్న వెడల్పు చోటిదాకా వెనక్కి పంపించాడు. తిరిగొచ్చి తాళం నా చేతిలో పెట్టాడు. ఎడమ తలుపు తెరిచి, మెట్టు మీద నిలబడి, ఖాళీ సీటుతో "కాస్త జరగరా" అన్నాడు. తలుపు వైపు కొద్దిగా చోటు వదిలి, సర్దుకుని కూర్చున్నాడు.

నేను నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతిలోనే క్లచ్చి రెండుసార్లు తొక్కాను. గేరు ఒకసారి కరిచింది. "డాక్టరు శిష్యురాలివా నువ్వు?" అన్నాడు నాన్న. కొండెక్కాం. తిరిగి దిగాం. రోడ్డు కోసుకుపోయిన ఆ చోటి దగ్గరికి వచ్చేటప్పుడు లోయ నా కుడివైపు ఉంది. అంచు ఎంత దూరమో నేనే చూసుకోగలను. అయినా నాన్నవైపు చూశాను. ఆయన రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి.

తలుపు రేకు మీద ఒక దెబ్బ పడింది. ఒకటే.

ఆపాను. కాసేపు ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత మెత్తగా రెండు పడ్డాయి. అంచుకి దూరంగా జరిగి, కొండ పక్కనే ఆనుకుని దిగాను. నాన్న మళ్లీ ఎప్పుడూ స్టీరింగు పట్టలేదు. ఆదివారాలు నేను తోలుతున్నాను, ఆయన నా ఎడమన కూర్చుంటున్నాడు. షెడ్డులో పెట్టేటప్పుడు నేను అద్దంలో చూసుకోను.

ఆ రోజు నాన్నకి ఇచ్చిన మాట కోసం ఇదంతా రాశాను. దారిన పోయే లారీలో అందరూ డ్రైవరునే చూస్తారు. మీరు ఎడమవైపు కూర్చున్న మనిషిని కూడా ఒకసారి చూడండి. ఆ చోటు ఖాళీగా ఉంటే, మా బక్కోణ్ణి, మా బక్క బాబాయ్‌ని, దయచేసి ఒక్కసారి తలుచుకోండి.